గుగ్గిలం చెట్టు మోసిన రైలు

బిలాస్‌పూర్ రైళ్ళ ఊరు. విశాఖపట్నం నుండి కోర్బా ఎక్స్‌ప్రెస్సులో వచ్చి దిగిన తెలుగు యాత్రికునికి ఇక్కడి రైల్వే కాలనీలో స్వభాష వినిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే మూలంగా పెరిగిన ఈ పట్టణం 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. ఆనాటి రైళ్ళను మోసిన కొయ్య ఎటువంటిదో తెలుసుకోవాలంటే మాత్రం ఒక రోజు కేటాయించి, కోటా మీదుగా అచానక్‌మార్ అడవికి వెళ్ళాలి.

శివతరాయి ద్వారం వద్ద జీపు, మార్గదర్శి లభిస్తారు. వర్షాకాలంలో ప్రవేశం ఉండదు. దారికి ఇరువైపులా నిటారుగా నిలిచినవి సాలవృక్షాలు. ఇక్కడివారు సరయి అంటారు. మన శ్రీకాకుళం కొండలలో కనిపించే గుగ్గిలం చెట్టు ఇదే. దీని చేవకు చెద సులభంగా పట్టదు. అందువల్లనే టేకు, దేవదారులతోపాటు దీనిని పట్టాల కింద స్లీపర్లుగా ఎంచుకున్నారు. తొమ్మిదడుగుల దిమ్మెలు కిలోమీటరుకు సుమారు 1,500 కావాలి. కొయ్య బండి అదురును కొంత తనలో ఇముడ్చుకునేది. తరువాత కాంక్రీటు స్లీపర్లు ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

అడవి పల్లెల్లో బైగాల, గోండుల ఇళ్ళకు నేటికీ ఆధారం ఈ చెట్టే: సాల గుంజలు, వాటి నడుమ మట్టిగోడలు, పైన పెంకులు.

చెదను ఎదిరించే ఈ మానుకు మరొక శత్రువు ఉంది. పొడవైన మీసాల పెంకుపురుగు తొలకరితో వెలువడి బెరడులో గుడ్లు పెడుతుంది; దాని పిల్లలు చేవలోకి సొరంగాలు తొలుస్తాయి. 1997-98లో నాటి మధ్యప్రదేశ్ సాల అడవులలో అది విజృంభించింది. పట్టిన చెట్లను నరకక తప్పలేదు. ఎంతవరకు నరకాలన్నది వివాదమయింది.

దీనికి అటవీ శాస్త్రజ్ఞుల ఉపాయం ఎర చెట్టు. ఒక చెట్టును కూల్చి, ముక్కలు చేసి, కొనల వద్ద బెరడును చితకగొడతారు. కారే రసం వాసనకు చేరిన పురుగులు దానిని త్రాగి మందగిస్తాయి. అప్పుడు వాటిని ఏరి చంపడం తేలిక.

పోయిన అడవిని మళ్ళీ నాటుకోవచ్చునని అనిపించవచ్చు. కాని సాల విత్తనం రాలిన వారం పది రోజులలోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. నిలువ చేసి నాటడం కష్టం. సకాలంలో వాన పడి, మొలక నిలదొక్కుకోవాలి. స్లీపరుకు కాంక్రీటు దొరికింది. ఈ అడవికి అటువంటి ప్రత్యామ్నాయం లేదు.