వత్తుకు చోటేదీ?

వెబ్‌సైట్ల డిజైన్లు చూసే పనిలో నేను ఎక్కువగా పేచీ పెట్టుకునేది వరుసల మధ్య ఖాళీ గురించే. పేజీని ముందు ఇంగ్లీషు కొలతలకు కుట్టేస్తారు. తర్వాత అదే చొక్కా తెలుగుకు తొడుగుతారు. ఇంగ్లీషుకు వరుస ఎత్తు అక్షరం సైజుకు 1.2 రెట్లున్నా సర్దుకుపోతుంది. తెలుగుకు అలా కాదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలోనే పైన గుడి దీర్ఘం, కింద త వత్తు, క్రావడి. చోటు చాలకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని పొడుస్తుంది. నా లెక్కలో 1.6 రెట్లకు తగ్గితే కళ్లకు శిక్షే.

సైజు సంగతీ అంతే. ద, ధ, థల మధ్య తేడా చిన్న గీత, చుక్క. 12 పిక్సెళ్లలో 'కథ' ఏదో 'కధ' ఏదో పోల్చుకోవడం కష్టం. బోల్డ్ చేస్తే అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. శీర్షికకు నప్పే రామభద్ర ఫాంటును పేరా నిండా పరిస్తే చదివేవాళ్లు పారిపోతారు. అక్కడ మండలి లాంటిది వాడాలి.

ఫాంటంటే అలంకారమేగా అంటారు కొందరు. తెలుగు వెబ్ చరిత్ర వేరే చెబుతుంది. యూనికోడ్ 1991లోనే తెలుగుకు స్థానమిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా చాలా సైట్లు ఏళ్ల తరబడి సొంత ఫాంట్లతోనే నడిచాయి. లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన తెలుగు వేషం. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్త కాస్తా పిచ్చిగీతలయ్యేది. వెతికినా దొరికేది కాదు. యూనికోడ్‌తో అక్షరం వేరు, వేషం వేరు అయ్యాయి. ఇప్పుడు ఫాంటు పోయినా మాట మిగులుతుంది.

ఆ మాటను తెరమీద పేర్చడం మాత్రం ఇప్పటికీ చిన్న పని కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ను ఒక ప్రత్యేక కూర్పులో పంపితే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ కొద్దిరోజుల్లోనే దాన్ని సరిదిద్దింది. యాప్ కూలితే ప్రపంచమంతా గగ్గోలు. వత్తులు కలిసిపోతే అడిగే నాథుడు లేడు.

పేజీ ఇరుకైతే ఇంగ్లీషు వచ్చినవాళ్లు భాష మార్చుకుంటారు. తెలుగు ఒక్కటే చదవగలిగిన మా అమ్మలాంటివాళ్లకు ఆ దారి లేదు. పింఛను నిబంధనైనా, మందు వేసుకునే వేళైనా ఆ ఇరుకులోనే వెతుక్కోవాలి. దాన్ని తీర్చడానికి డిజైనర్ మార్చాల్సింది ఒక్క అంకె. దానికి అన్ని మీటింగులెందుకో నాకర్థం కాదు.