సర్కారు బడికి లక్షల ఫీజు

నాన్న చదివింది మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో. నన్ను మాత్రం ఆ గడప తొక్కనివ్వలేదు. టెన్త్ అయ్యాక పదకొండు, పన్నెండు తరగతులకు మెల్‌బోర్న్ పంపారు. తీరా చూస్తే అదీ గవర్నమెంటు స్కూలే! అక్కడి పిల్లలకు ట్యూషన్ ఫీజు ఉండదు. వీసా మీద వెళ్లిన నాలాంటివాళ్లకు మాత్రం లక్షల్లోనే. అందుకోసం నాన్న అరెకరం అమ్మారు.

జనవరి చివర్లో, మండువేసవిలో బడి తెరిచారు. పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి ఓ ఆస్ట్రేలియా కుటుంబం ఇంట్లో ఉండేవాణ్ని. సాయంత్రం ఆరింటికే రాత్రి భోజనం. పది గంటలకు మళ్లీ ఆకలి. ఫోన్లో అమ్మ 'కడుపునిండా తిన్నావా?' అంటే 'ఆ' అనేవాణ్ని.

పాఠాలు అప్పజెప్పడం నాకు కొట్టిన పిండి. టీచర్ 'నువ్వేమనుకుంటున్నావు?' అని అడిగితేనే నోరు పెగిలేది కాదు. మొదటి వ్యాసానికి అత్తెసరు మార్కులు. అరెకరం గుర్తొచ్చి ఆ రాత్రి ఏడ్చాను. నా పక్కన కూర్చునే ప్లంబరుగారబ్బాయే రోజూ లంచ్‌లో నాతో వాదన పెట్టుకుని మాట్లాడించాడు. వాడి వెనక బెంచీలో డాక్టరుగారమ్మాయి. అందరిదీ ఒకటే బడి.

సెలవులకు వచ్చినప్పుడు నాన్న అడిగారు, 'ఎలా ఉందిరా బడి?'

'నువ్వు చదివిన బడిలాంటిదే నాన్నా. ప్లంబరు పిల్లలూ, డాక్టరు పిల్లలూ అక్కడికే వస్తారు.'

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 'మా రోజుల్లో ఇక్కడా అంతేరా' అన్నారు చివరికి.