కిందే రాసుంది కదా

"టెర్మినల్‌లో ఏ ఎడిటర్ నేర్చుకోమంటారు?" అని కొత్తవాళ్లు అడిగితే చాలాకాలం నేను ఒకటే చెప్పేవాణ్ని: "వీఐ నేర్చుకో. మిగతావన్నీ పిల్లలాట." ఆ సలహా తప్పు. పైగా దాన్ని నమ్మకంగా, గట్టిగా ఇచ్చాను.

విశాఖలో ద్వారకానగర్‌లో లినక్స్ కోర్సు చేసి, పోర్టు సరుకు మోసే లారీల లెక్కలు చూసే చిన్న ఆఫీసులో చేరాను. వీఐలో నాకొచ్చింది తక్కువే. ఐ నొక్కి రాయడం, ఎస్కేప్ నొక్కి ఆపడం, కోలన్ డబ్ల్యూక్యూ కొట్టి సేవ్ చేసి బయటపడడం. అయినా వీఐ వాడేవాడే అసలైన సిస్టమ్ మనిషని బుర్రకెక్కించుకున్నాను. మా జూనియర్ నానో అనే ఎడిటర్ తెరిస్తే ఎగతాళి చేసేవాణ్ని.

ఒక రాత్రి సర్వర్‌లో సెట్టింగ్స్ ఫైలు మార్చాల్సి వచ్చింది. మార్పు పూర్తిచేసి ఎస్కేప్ కొట్టాక, విండోస్ అలవాటుతో వేళ్లు కంట్రోల్ ఎస్ నొక్కేశాయి. స్క్రీన్ బిగుసుకుపోయింది. టెర్మినల్‌కి ఆ కీ అర్థం "చూపించడం ఆపు" అని. కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. అది తెలియక, హ్యాంగైందనుకుని చేతికందిన కీలన్నీ నొక్కాను. వాటిలో కంట్రోల్ క్యూ కూడా పడినట్టుంది. అంతవరకూ ఆగిన అక్షరాలన్నీ ఒక్కసారిగా ఆజ్ఞలై నడిచి, కొన్ని లైన్లు ఎగిరిపోయాయి. ఏం పోయాయో చూడకుండా డబ్ల్యూక్యూ కొట్టేశాను. దాంతో ఆ రాత్రి లారీల స్లిప్పులు చేత్తో రాయాల్సి వచ్చింది.

పొద్దున్నే వచ్చిన జూనియర్ పాత కాపీ వెతికి నానోలో తెరిచాడు. పోయిన లైన్లు చేర్చి, సేవ్ చేసి, లేచాడు. "ఇదెప్పుడు నేర్చుకున్నావు?" అన్నాను. "నేర్చుకోడానికేముంది అన్నా, కిందే రాసుంది కదా" అన్నాడు.

నిజమే. స్క్రీన్ అడుగున రెండు వరుసల్లో సేవ్‌కి ఏ కీ, వెతకడానికి ఏ కీ, బయటికి పోవడానికి ఏ కీ అన్నీ ఉన్నాయి. రోజూ అతని భుజం మీదుగా తొంగిచూసి వెక్కిరించినవాణ్ని, ఆ వరుసలు ఒక్కసారీ చదవలేదు. రాత్రి నాకు లేనిది తెలివి కాదు, ఆ రెండు వరుసలు. నేను ఎడిటర్‌ని పనికోసం ఎంచుకోలేదు, పక్కవాళ్ల కళ్లకోసం ఎంచుకున్నాను. మీరూ ఏదో ఒకటి అలా ఎంచుకునే ఉంటారు.

వీఐ మీద కోపం లేదు. బిల్ జాయ్ 1976లో దాన్ని రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జే, కే, ఎల్ కీల మీదే ఉండేవి. ఎస్కేప్ కీ ఇప్పుడు ట్యాబ్ ఉన్నచోట, వేలికి దగ్గర్లో ఉండేది. మనకు వింతగా తోచేది ఆ యంత్రానికి సహజం. నానో పుట్టుకే వేరు. పైన్ మెయిల్ ప్రోగ్రాంలో ఉత్తరాలు రాసుకునే పికో ఎడిటర్‌కి స్వేచ్ఛగా పంచుకోగల ప్రత్యామ్నాయంగా 1999లో క్రిస్ అలెగ్రెటా దాన్ని మొదలుపెట్టారు. 2020లో ఫెడోరా 33 లినక్స్ కూడా డిఫాల్ట్‌గా నానోనే పెట్టుకుంది.

విశాఖ ఇన్నర్ హార్బర్‌కి వచ్చే ఓడ డాల్ఫిన్స్ నోస్ పక్కన ఇరుకు కాలువలోంచి దూరాలి. అప్పుడు పోర్టు పైలట్ ఓడెక్కి దారి చెబుతాడు. సముద్రాలన్నీ తిరిగిన కెప్టెన్ కూడా దాన్ని నామోషీ అనుకోడు. కింద దారి చెప్పే వరుసలను నేను నామోషీ అనుకున్నాను. నా సలహా విన్న కొత్తవాళ్ల మొదటిరోజంతా లినక్స్ నేర్చుకోవడంలో కాక, వీఐ లోంచి బయటపడడంలోనే పోయింది. ఆ తప్పు లారీ స్లిప్పులకంటే పెద్దది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నానోతో మొదలుపెట్టమంటాను. కిందున్న టోపీ గుర్తుకి అర్థం కంట్రోల్ కీ అని ముందే చెబుతాను. ఇప్పటి నానోలో కంట్రోల్ ఎస్ కొడితే ఫైలు సేవే అవుతుంది. విండోస్ కీలే కావాలంటే మైక్రో అనే ఎడిటర్ ఉంది. నానో లేని చిన్న రూటర్లలో సైతం వీఐ తరచూ ఉంటుంది కాబట్టి, సేవ్ చేయకుండా బయటపడే కోలన్ క్యూ, ఆశ్చర్యార్థకం కూడా కాగితం మీద రాసిస్తాను. ఏ ఎడిటరైనా సరే, ఫైలు ముట్టుకునే ముందు ఒక కాపీ తీసి పెట్టుకోండి. ఆ పొద్దున మమ్మల్ని కాచింది ఆ పాత కాపీయే, దాన్ని తీసిపెట్టింది నేను వెక్కిరించిన కుర్రాడే.