గెలుపు చిట్కాలు అమ్మేవాడికి గెలుపుతో పనిలేదు

2025 ఐపీఎల్ షెడ్యూల్లో 74 మ్యాచ్‌లు. టెలిగ్రామ్‌లో ఒక 'వీఐపీ గ్రూప్' ఆ 74 మ్యాచ్‌ల్లోనూ ఎవరు గెలుస్తారో టాస్ పడకముందే చెబుతుంది. సీజన్‌కి ఫీజు 12 వేలు. మ్యాచ్‌కి రెండు వేలు చొప్పున పెట్టుకుంటూ పోతే ఫైనల్ అయ్యేసరికి లక్ష మిగులుతుంది. 2025 మార్చిలో ఈ వ్యాసకర్తకు ఆయన తోడల్లుడు ఇచ్చిన సలహా ఇది. వద్దన్నందుకు "మీకు లెక్కలెక్కువ అన్నయ్యా, ధైర్యం తక్కువ" అన్నాడు. ఆ మాట చాటుగా అన్నా బాగుండేది. అత్తగారింట్లో అందరూ భోజనాలకు కూర్చుని ఉండగా అన్నాడు. బావమరిది నవ్వాడు, మామగారు వినీ విననట్టు ఊరుకున్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

లెక్కలెక్కువ అన్నాడు గనక ముందు లెక్కే చూద్దాం.

రెండు జట్లూ సమఉజ్జీలనుకున్న మ్యాచ్‌కి బెట్టింగ్ యాప్‌లో రేటు 1.90 అనుకుందాం. రెండు వేలు పెట్టి గెలిస్తే లాభం 1,800. ఓడితే పోయేది రెండు వేలు. ఆ 200 తేడా మీదే బెట్టింగ్ వ్యాపారమంతా నడుస్తుంది. నాణెం ఎగరేసి జట్టును ఎంచుకునేవాడికి 74లో సగం, అంటే 37 కలిసొచ్చాయనుకుంటే గెలుపుల మీద లాభం 66,600, ఓటముల మీద నష్టం 74,000. ఫీజు కట్టకముందే 7,400 పోయాయి. పైసా పోకుండా బయటపడాలంటే 39 గెలవాలి. 12 వేల ఫీజు కూడా రాబట్టుకోవాలంటే 43 గెలవాలి, నూటికి 58 అన్నమాట. మరి తోడల్లుడు చెప్పిన లక్ష మిగలాలంటే? 69 గెలుపులకు 1,24,200 వస్తుంది. ఐదు ఓటములకు పదివేలు, ఫీజుకు 12 వేలు తీసేస్తే మిగిలేది 1,02,200. అంటే 74లో 69 సరిగ్గా చెప్పాలి. బెట్టింగ్ గెలుపు మీద శ్లాబులతో నిమిత్తం లేకుండా పడే 30 శాతం పన్ను, దానిమీద సెస్సు ఇందులో కలపనేలేదు.

ఇరవై ఓవర్ల ఆటలో 74కి 69 సరిగ్గా చెప్పగలిగినవాడు ఆ విద్యను 12 వేలకు ఎందుకు అమ్ముకుంటాడు? ఈ ప్రశ్న అప్పుడే అడిగితే తోడల్లుడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: "వాళ్ల పాత రికార్డు చూడండన్నయ్యా, వరసగా ఆరు మ్యాచ్‌లు పాస్." ఈ వ్యాపారం మొత్తానికి ఆ 'రికార్డే' పెట్టుబడి. దాన్ని తయారుచేయడానికి క్రికెట్ తెలియనక్కర్లేదు.

ఒకడి దగ్గర 6,400 ఫోన్ నంబర్లున్నాయనుకుందాం. మొదటి మ్యాచ్‌కి 3,200 మందికి ఒక జట్టు పేరు, మిగతా 3,200 మందికి రెండో జట్టు పేరు ఉచితంగా పంపుతాడు. తప్పు పేరు అందుకున్నవాళ్లను వదిలేస్తాడు. సరైన పేరు అందుకున్నవాళ్లను మళ్లీ రెండుగా చీలుస్తాడు. 1,600, 800, 400, 200, ఆరో మ్యాచ్ అయ్యేసరికి వంద. ఆ వందమందికీ వరసగా ఆరు చిట్కాలు ఫలించాయి. వాళ్ల కళ్లముందు జరిగింది గనక మోసమని ఎవరు చెప్పినా నమ్మరు. అందులో పాతికమంది 12 వేలు కట్టినా మూడు లక్షలు. మిగిలిన 6,300 మంది ఉన్నారన్న సంగతి ఈ పాతికమందికి ఎప్పటికీ తెలియదు.

బ్రిటన్‌లో డెరెన్ బ్రౌన్ అనే మాయాజాల ప్రదర్శకుడు 2008లో ఛానల్ 4 టీవీలో 'ద సిస్టమ్' అన్న కార్యక్రమంలో ఇదే పని గుర్రప్పందేలతో చేసి చూపించాడు. ఆరేసి గుర్రాలు, ఐదు పందేలు, 7,776 మంది. ప్రతి పందేనికీ జనాన్ని ఆరు గుంపులు చేసి గుంపుకో గుర్రం పేరు పంపాడు. చివరికి ఒక్క మహిళ మిగిలింది. ఐదుకు ఐదూ గెలిచిన ఆమె, ఆయన దగ్గర నిజంగానే ఒక పద్ధతి ఉందని నమ్మింది. ఆ తర్వాతే అసలు సంగతి ఆమెకు విప్పి చెప్పాడు.

కావాలని మోసం చేయకపోయినా గణితం తన పని తాను చేస్తుంది. నాణెం ఎగరేసి చిట్కాలిచ్చే ఛానళ్లు వంద ఉంటే, 74లో 43 గానీ అంతకు మించి గానీ సరిగ్గా చెప్పేవి వాటిలో సుమారు పది ఉంటాయి. కేవలం అదృష్టం కొద్దీ. మరుసటి సీజన్‌కి ఆ పదే ప్రకటనలిచ్చుకుంటాయి. మిగతా తొంభై పేరు మార్చుకుని కొత్తగా పుడతాయి.

ఇక చెరిపేయడం. టెలిగ్రామ్ ఛానల్‌లో అడ్మిన్ పోస్టు తీసేస్తే చందాదారులందరి ఫోన్లలోంచీ పోతుంది. తోడల్లుడు చేరమన్న గ్రూపుకి ఉచిత ఛానల్ కూడా ఉండేది. ఈ వ్యాసకర్త అందులో చేరి ప్రతి చిట్కానూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాడు. 2025 మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద సన్‌రైజర్స్ 286 కొట్టింది. ఊరంతా ఇక 300 ఎప్పుడన్న మాటే. నాలుగు రోజుల తర్వాత అదే ఉప్పల్‌లో లక్నోతో మ్యాచ్. టాస్‌కి ముందు ఛానల్‌లో పోస్టు: 'సన్‌రైజర్స్ వన్‌సైడ్. ఫుల్ లిమిట్.' సన్‌రైజర్స్ 190 చేసింది. లక్నో తరఫున పూరన్ 26 బంతుల్లో 70 బాదాడు, ఆ జట్టు 16.1 ఓవర్లలోనే కొట్టేసింది. మర్నాడు పొద్దున చూస్తే ఆ పోస్టు లేదు. ఆ చోట 'వీఐపీలో లక్నో ఇచ్చాం. పాస్ పాస్ పాస్' అని కొత్త పోస్టు ఉంది. ఫీజు కట్టి వీఐపీలో ఉన్న తోడల్లుడికి వచ్చింది సన్‌రైజర్సే. అడ్మిన్‌ని అడిగితే లక్నో పేరు 'వీఐపీ ప్రో' వాళ్లకి ఇచ్చామన్నాడట. దానికి ఫీజు 25 వేలు.

ఆ స్క్రీన్‌షాట్ తోడల్లుడికి పంపితే జవాబు రాలేదు.

ఓడినవాణ్ని వదిలిపోకుండా పట్టి ఉంచడానికి వీళ్ల దగ్గర ఇంకో సరుకుంది. దాని పేరు 'లాస్ కవర్'. ఓడితే తర్వాతి మ్యాచ్‌కి పందెం రెట్టింపు చేయమంటారు, ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తావు, అంతా ఒక్కసారే వచ్చేస్తుందంటారు. 1.90 రేటు మీద అది కూడా నిజం కాదు. రెండు వేలు పోయాయి, నాలుగు వేలు పెట్టి గెలిస్తే 3,600 వస్తాయి, 1,600 మిగులు. రెండుసార్లు ఓడితే పోయినవి ఆరువేలు, ఎనిమిది వేలు పెట్టి గెలిస్తే వచ్చేది 7,200, మిగులు 1,200. మూడుసార్లు ఓడాక 16 వేలు పెట్టి గెలిస్తే మిగులు నాలుగొందలు. నాలుగుసార్లు ఓడాక పోయినవి ముప్ఫై వేలు, 32 వేలు పెట్టి గెలిస్తే వచ్చేది 28,800. గెలిచాక కూడా 1,200 నష్టమే. ఆ ఐదోదీ ఓడితే మొత్తం 62 వేలు పోయినట్టు. సగం సగం అవకాశమున్న 74 మ్యాచ్‌ల్లో ఎక్కడో ఒకచోట వరసగా ఐదు ఓటములు పడే అవకాశం నూటికి డెబ్భై పాళ్లు. మ్యాచ్‌కి రెండు వేలే కదా అని మొదలుపెట్టినవాడు నెల తిరక్కుండా 32 వేల పందెం దగ్గరికి ఎలా చేరతాడో ఈ వరస చూస్తే అర్థమవుతుంది. తోడల్లుడు చీటీ పాడుకుని తెచ్చిన డబ్బు ఇలాగే పోయింది. జూన్ 3న అహ్మదాబాద్‌లో బెంగళూరు తొలి కప్పు ఎత్తేనాటికి ఆయన చేతిలో మిగిలింది ఇంకా కట్టాల్సిన చీటీ వాయిదాలు. అదే డబ్బు పోస్టాఫీసు ఆర్డీలో పడేసినా 6.7 శాతం వచ్చేది.

ఇంతవరకూ చెప్పినవి చిట్కా తప్పితే జరిగే నష్టాలు. అంతకంటే దారుణమైన విషయం, చిట్కా తప్పడమే అమ్మేవాడికి లాభం కావడం. ఫీజుతో పాటు గ్రూపులో ఒక లింకు ఇస్తారు, 'ఐడీ' (బెట్టింగ్ ఖాతా) ఇక్కడే తీసుకోండి, బోనస్ ఉందంటారు. ఆ లింకు ద్వారా చేరినవాడు పోగొట్టుకున్న దాంట్లో వాటా లింకు ఇచ్చినవాడికి వెళుతుంది. ఆన్‌లైన్ బెట్టింగ్ రంగమంతటా నడిచే అఫిలియేట్ ఒప్పందాల్లో ఇదొక మామూలు రకం, వాటా 30 శాతమో, ఇంకా ఎక్కువో కూడా ఉండొచ్చు. 30 శాతం లెక్కన చేరినవాడు సీజన్‌లో లక్ష పోగొట్టుకుంటే లింకు ఇచ్చినవాడికి 30 వేలు. 12 వేల ఫీజు దీని ముందు ఎంత? చేరినవాడు గెలిస్తే లింకు ఇచ్చినవాడికి వచ్చేది సున్నా. బెట్టింగ్ చట్టబద్ధమైన బ్రిటన్‌లోనే ఈ ఏర్పాటు మీద విమర్శలొచ్చాయి. స్కై బెట్టింగ్ అండ్ గేమింగ్ సంస్థ 2017లో తన అఫిలియేట్ పథకాన్ని అక్కడ మూసేసింది. అమెరికాలో 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒక్కో రాష్ట్రం బెట్టింగ్‌కి తలుపులు తెరుస్తూ వచ్చింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ ముందు వరసలోనే ఉంది. అక్కడ బెట్ కట్టడం నేరం కాదు గనక చిట్కాలు అమ్మేవాళ్లు బాహాటంగానే అమ్ముతారు. చట్టం ఏదైనా పైన చెప్పిన లెక్క మాత్రం మారదు.

మన దగ్గర సంగతి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. అయినా ప్రకటనలు ఆగలేదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ సినీ నటులు, యూట్యూబర్లు సహా 25 మంది మీద మియాపూర్ పోలీసులు కేసు పెట్టారు, తెలంగాణ ప్రభుత్వం సిట్ వేసింది. ఆ ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. కేసు పడ్డ ప్రముఖుల పేర్లు పేపర్లలో వచ్చాయి. ముఖం చూపించకుండా టెలిగ్రామ్‌లో లింకులు పంచే అడ్మిన్ల పేర్లు ఏ పేపర్లోనూ రావు.

నిషేధం వాళ్లకే ఒక విధంగా రక్షణ అయింది. చిట్కా కొనుక్కుని మోసపోయినవాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఏం చెబుతాడు? నిషేధించిన పందెం కాయడానికి డబ్బిచ్చానని చెప్పాలి. ఆ భయంతో నోరు మెదపడు. అడ్మిన్‌కి ఆ సంగతి బాగా తెలుసు. ఎవరైనా గట్టిగా నిలదీస్తే 'నీ ఐడీ వివరాలు నా దగ్గరున్నాయి' అని ఒక్క మెసేజ్ పెడతాడు. తోడల్లుడికీ అదే వచ్చింది.

పోలీసులకి చెప్పకపోవడం ఒక ఎత్తు. ఇంట్లో చెప్పకపోవడం ఇంకో ఎత్తు. గెలిచిన రోజు అత్తగారింటి బంతిలో అందరికీ వినిపించేలా చెప్పిన మనిషి, ఓడిన రోజుల గురించి కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. అల్లుళ్ల మధ్య ఎవరు ముందున్నారన్న పోటీ మన కుటుంబాల్లో పైకి కనిపించకుండా నడుస్తూనే ఉంటుంది, ఓటమి ఒప్పుకుంటే అందులో వెనకబడినట్టే. అందుకని మావయ్య కొడుకూ, పక్కింటి కుర్రాడూ, ఆఫీసులో స్నేహితుడూ వాళ్ల గెలుపులే చెబుతారు. వినేవాడికి ఊళ్లో అందరూ గెలుస్తున్నారనే అనిపిస్తుంది. పైగా కొత్తవాణ్ని చేర్పిస్తే పాతవాడికి ఫీజులో తగ్గింపు ఇస్తారు. ఆ భోజనాల దగ్గర తోడల్లుడు అంత పట్టుబట్టడానికి అది కూడా కారణమని ఆయన భార్య తర్వాత చెప్పింది. తెలియని నంబరు నుంచి వచ్చిన మెసేజ్‌ని ఎవరైనా తీసేస్తారు. అన్నయ్యా అని పిలిచే మనిషి నోటితో వచ్చిన సలహాని అంత తేలిగ్గా తీసేయలేరు. ఈ వ్యాపారం నిలబడేది ఆ పిలుపు మీదే. వ్యాసకర్తకు కోపం పోనిది కూడా అందుకే. పోయిన డబ్బు తోడల్లుడిది. కానీ ఆ రోజు బంతిలో కూర్చున్న బావమరిది ఆ మర్నాడే అదే గ్రూపులో చేరాడు.

ఇప్పటికే ఫీజు కట్టి ఉన్నవాళ్లు ముందు గ్రూపులోంచి బయటికి వచ్చేయకూడదు. బయటికి వచ్చాక అందులో ఉన్నదేదీ చేతికి దొరకదు. ఛానల్ పేరు, హ్యాండిల్, చేరడానికి పంపిన లింకు, ప్రతి చిట్కా, దాని పక్కన టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. యూపీఐలో ఫీజు ఎవరి పేరున వెళ్లిందో, ట్రాన్సాక్షన్ నంబరుతో సహా దాచాలి. ఒక్కోసారి ఒక్కో పేరున ఉన్న ఖాతాకి పంపమంటే అవన్నీ విడివిడిగా రాసుకోవాలి. ఆ తర్వాత 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. కొత్త చట్టం ఉద్దేశం ఆడినవాణ్ని శిక్షించడం కాదని కేంద్రం చెప్పింది. రాష్ట్ర చట్టాల సంగతి వేరు గనక ఒక లాయరుతో మాట్లాడి వెళ్లడం మంచిది. డబ్బు పంపిన గంటల్లోనే ఫిర్యాదు అందితే అవతలి ఖాతాలో ఆ సొమ్మును నిలిపివేయించే వీలుంటుంది. రెండు రోజులాగితే అది నాలుగు ఖాతాలు మారిపోతుంది.

బావమరిది ఆ స్క్రీన్‌షాట్లన్నీ తీసుకున్నాడు. తోడల్లుడు ఇంకా తీసుకోలేదు.