గొడ్డలి పదును

మన విమర్శకులు నచ్చిన రచనను "పదునుగా వుంది" అంటారు, నచ్చనిదాన్ని "మొద్దుబారింది" అంటారు. రెండు మాటలూ కమ్మరి కొలిమి దగ్గర నుంచి అరువు తెచ్చుకున్నవే. అరువు తెచ్చుకున్నవాళ్లం గనక, పనిలో ఆ మాటలకున్న అర్థమేమిటో ఒకసారి చూసి రావడం మన విధి.

నేను చూసింది తోట్లవల్లూరులో. కృష్ణ ఒడ్డునున్న ఆ వూరి పొలాల్లో, లంకల్లో చెరకు, పసుపు, అరటి పండుతాయి. వాటికి కత్తి చాలు. గొడ్డలితో పని పడేది గట్లమీది తుమ్మతోనూ, దొడ్లో కూలిన చింతతోనూ. వంటగ్యాసూ, రంపపు యంత్రమూ వచ్చాక ఆ పని బాగా తగ్గిందిగాని పూర్తిగా పోలేదు. మొద్దులు చీల్చి బతికే మనుషులు ఇంకా వున్నారు. వాళ్లలో ఒకాయన బజారులో కొన్న కొత్త గొడ్డలికి ఆకురాయి పడుతూంటే, కొత్తదానికి కూడా పదును లేదా అని అడిగాను.

"పదునుందండి మాస్టారూ, పలచన లేదు" అన్నాడు.

శాస్త్రమంతా ఆ మాటలోనే వుంది. వాదర అంటే ఒక గీత మాత్రమే. ఆ గీత ఎంత సన్నగా వున్నా, దాని వెనక అంగుళం మేర ఇనుము బండగా వుంటే గొడ్డలి కొయ్యలో దిగదు, తాకి వెనక్కి ఎగురుతుంది. అందుకని ఆయన వాదర జోలికి పోకుండా, దాని వెనకనున్న మందాన్ని రెండు పక్కలా సమంగా తీస్తున్నాడు. అలాగని మరీ పలచన చేసినా లాభం లేదు. ఎండిన తుమ్మలో ముడి తగిలితే వాదర పెళుసుగా విరుగుతుంది. నరికే గొడ్డలికి రెండు పక్కలూ కలిసేచోట సుమారు 30 డిగ్రీల కోణం సరిపోతుంది. మొద్దులు చీల్చేదానికి అంతకంటె ఎక్కువ కావాలి. పక్కలు పలకలా చదునుగా వుండకూడదు. అట్లా వుంటే ఇనుమంతా కొయ్యను కరుచుకుని గొడ్డలి ఇరుక్కుపోతుంది. నడుమ కొంచెం ఉబ్బుగా వుంటే పేడు పక్కకు లేస్తుంది, గొడ్డలి సులువుగా వూడివస్తుంది.

ఇక కరెంటు సాన సంగతి. కొలిమిలో కాచి నీళ్లలో ముంచినప్పుడు ఉక్కుకు గట్టిదనం వస్తుంది. ఆ పెళుసు తగ్గడానికి మళ్లీ కొద్దిగా కాస్తారు. తిరిగే సానకు వాదరను పొడిగా అదిమిపెడితే అది నీలిరంగు తేలుతుంది. అంటే వేడి 300 డిగ్రీల దాకా పోయిందన్నమాట. చూడటానికి తళతళలాడుతుంది, కొయ్యమీద వేస్తే వంగిపోతుంది. ఇది యంత్రం దోషం కాదు. మాటిమాటికీ నీళ్లలో ముంచి చల్లబరుస్తూ పడితే యంత్రమూ మంచి పనే చేస్తుంది. కాని సానపట్టేవాడికి డబ్బు గొడ్డలికి ఇంత అని ముడుతుంది, ఆగితే అతనికి గిట్టదు. కొయ్య చీల్చేవాడికి కూలి బరువును బట్టి ముడుతుంది, ఆగకపోతే ఇతనికి గిట్టదు. చెడ్డ వాదర నష్టం అమ్మినవాడికి తగలదు, సానపట్టినవాడికీ తగలదు. సాయంత్రానికి చీల్చేవాడి భుజంలోనూ, కూలిలోనూ తేలుతుంది. కోణం లెక్క ఆ విధంగా కూలి లెక్క అవుతుంది.

ఈ లెక్క ఇనుముతో పుట్టింది కాదు. ఇదే కృష్ణకు ఎగువన, నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో నవీన శిలాయుగం నాటి నునుపు రాతిగొడ్డళ్లు దొరికాయి. దక్షిణాదిలో ఆ కాలపు గొడ్డలికి సాధారణంగా వెనక కొన సన్నంగా, ముందు వాదర వెడల్పుగా, నడుమ ఉబ్బుగా వుంటుంది. రాయి పోయి ఇనుము వచ్చింది, ఇనుము పోయి ఉక్కు వచ్చింది. ఆ ఉబ్బు మాత్రం పోలేదు. ఎందుకంటే కొయ్య మారలేదు, దాన్ని కొట్టే మనిషి భుజమూ మారలేదు.

వస్తువు ముఖ్యమా, రూపం ముఖ్యమా అని మనం చాలాకాలంగా వాదించుకుంటున్నాం. గొడ్డలి రూపాన్ని నిర్ణయించింది ఎవరి అభిరుచీ కాదు. ఎదురుతిరిగే కొయ్యా, శ్రమపడే ఒళ్లూ కలిసి నిర్ణయించాయి. వాక్యం మెరుస్తూ, దాని వెనక అరగని అభిప్రాయం బండగా వున్న రచన పాఠకుడిలో దిగదు. వెనక ఏమీ లేని ఒట్టి నినాదం జీవితంలో మొదటి ముడి తగలగానే విరుగుతుంది. వాదర మీద బొటనవేలు రాసి మెచ్చుకోవడం తేలిక. పరీక్ష జరిగేది కొయ్యమీద.

నా తోటి మాస్టర్లకు ఒక మనవి. కోణాలు చెప్పే రోజునో, లోహాలమీద వేడి చేసే పని చెప్పే రోజునో అటువంటి మనిషిని గొడ్డలితో సహా బడికి పిలవండి. పుస్తకంలో కోణం వుంటుంది, అది తప్పితే ఎవరికి నొప్పి పుడుతుందో వుండదు. అది ఆయన చెప్పగలడు. పిలిచినప్పుడు ఆ పూట కూలి కూడా ఇవ్వండి.