జహీరాబాదులో రెండు సినిమాలు

హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుని దాదాపు నూరు కిలోమీటర్లు వెళ్తే జహీరాబాదు. దారికి అటూ ఇటూ ఎర్రనేల, చెరకుతోటలు. బస్టాండులో దిగీ దిగగానే చెవిన పడేవి మూడు భాషలు: తెలుగు, ఉర్దూ, కన్నడం. బీదరు ముప్ఫై కిలోమీటర్లేగా మరి! 2016లో ఈ ఊరు మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి జిల్లాలోకి మారింది గానీ, మాటల కలగలుపు మాత్రం అలాగే ఉంది.

ఇది మా అత్తవారి ఊరు. వాళ్ళింట్లో కన్నడం. మాది ప్రేమ పెళ్ళి. మామగారు వచ్చారు, అక్షింతలు వేశారు, అంతే! ఆ తర్వాత నాతో ఒక్క మాట లేదు.

క్రిందటి వేసవిలో వెళ్ళినప్పుడు ముందు ఝరాసంగం వెళ్ళి కేతకీ సంగమేశ్వరుణ్ణి చూశాం. మొగలిపువ్వు శివపూజకు పనికిరాదంటారు కదా, ఇక్కడ మాత్రం ఆ పువ్వుతోనే పూజ! అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చిందనుకోండి. (దారిలో పస్తాపూర్ ఉంది. బడి మొహం ఎరగని పల్లె ఆడవాళ్ళు వీడియో కెమెరాలు పట్టి సినిమాలు తీసిన చోటు. ఆ కథ మరోసారి.)

ఆ రాత్రి ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. నాకు ప్రాణమైన సినిమా ఒకటి తను చూడాలి, తనది ఒకటి నేను చూడాలి.

నాది 'మరో చరిత్ర'. 1978లో బాలచందర్ తీసిన బ్లాక్ అండ్ వైట్ చిత్రం. విశాఖ తీరం, తమిళ అబ్బాయి కమల్ హాసన్, తెలుగమ్మాయి సరిత. మద్రాసులో డబ్బింగు కూడా లేకుండా, తెలుగులోనే ఏడాది దాటి ఆడింది! నేను తెర చూడలేదు, మా ఆవిడ మొహమే చూస్తూ కూచున్నాను. లిఫ్టులో సినిమా పేర్లతో అల్లిన పాట వచ్చింది. "జర ఆపుండ్రి, ఇవన్నీ సినిమాల పేర్లేనా? ఒక్కొక్కటి చెప్పుండ్రి" అంది. ఆ ఒక్క పాటకే అరగంట పట్టింది!

క్లయిమాక్సులో ఏడుస్తుందనుకుంటే అంతకు ముందే ఏడ్చింది. ప్రేమికులు ఏడాది పాటు కలుసుకోకూడదని పెద్దలు షరతు పెడతారే, అక్కడ. "ఏడాదే గద. మా అప్ప మీతోని మాట్లాడక రెండేండ్లాయె" అంది. వందసార్లు చూసిన సినిమా, ఆ సీను ఇంత బరువైనదని నాకెన్నడూ తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం తన వంతు. 1972లో వచ్చిన రాజ్‌కుమార్ 'బంగారద మనుష్య'. చదువుకున్న రాజీవ పల్లెలో ఉండిపోయి, అక్క కుటుంబం కోసం బీడును పొలం చేస్తాడు. మా ఆవిడ చెవిలో తెలుగు చెబుతూ వచ్చింది. మామగారు వెనక మంచం మీద నడుం వాల్చి ఉన్నారు. చివర్లో సొంత మేనల్లుడే మాట అంటే, రాజీవ కంచం ముందు నుంచి లేచిపోతాడు. మా ఆవిడ తెలుగు ఆగిపోయింది. నాకిక అక్కర్లేదు కూడా. తెర మసకబారింది. వెనక్కి తిరిగితే మామగారు తువ్వాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. నన్ను చూశారు. నేనూ తుడుచుకుంటున్నానాయె!

కాసేపటికి వంటింట్లోంచి పిలుపొచ్చింది. ఆయన లేచి నా పక్కన పీట వేశారు.

"ఊట మాడి" అన్నారు.

అంటే, భోంచెయ్యమని. జొన్నరొట్టె వేడిగా ఉంది.