పుష్కరముల చుట్టములు

సరిహద్దు ప్రాంతమున తెలుగువారి యిండ్లకు పండుగ పబ్బములలో చుట్టములు వచ్చిపోవు విధమును గూర్చి యేదేని వ్రాయుమని సంఘమువారు కోరిరి. మేము మెట్రిక్కు వరకే, అదియు మరాఠీలో, చదివినవారము. తెలుగు అక్షరములు తండ్రిగారు వసారాలో ఇసుక పోసి దిద్దించినవి. ముప్పది యేండ్లకు పైగా కచేరిలో మరాఠీ నోటుషీట్లు వ్రాసిన చేయి గనుక తప్పులుండిన చదువరులు మన్నింపవలెను.

మా సిరోంచ ప్రాణహిత ఒడ్డున, ఆ నది గోదావరిలో కలియు చోటికి దాపున ఉన్నది. ఆవలి గట్టున కాళేశ్వరము. ఈ ఊరి చరిత్ర తమాషాగా ఉండును. 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చినది. అప్పుడు ఎగువ గోదావరి జిల్లా అనునొకటి యేర్పడగా దానికి ఇదియే ముఖ్యపట్టణము. 1874లో ఆ జిల్లాయే పోయి మేము చాందాలో చేరితిమి. 1956 నవంబరులో మధ్యప్రదేశము విడిచి బొంబాయి రాష్ట్రమునకు, 1960 మే 1వ తేదీన మహారాష్ట్రమునకు, 1982 ఆగస్టు 26వ తేదీన గడ్చిరోలి జిల్లాకు వచ్చితిమి. ఇన్ని మార్పులలో ఊరు ఒక్క అడుగైనను కదలలేదు. పిల్లను ఇచ్చుట, పిల్లను తెచ్చుకొనుట మాత్రము నేటికిని ఏటికి ఆవలివారితోనే.

మా అక్కయ్యను 1970లో మహాదేవపురము ఇచ్చితిమి. ఆనాడు వంతెన లేదు. గోదావరిలో ఆవిరి ఓడలు నడపవలెనని ఆంగ్లేయులు ఎంతయో ధనము వెచ్చించి, 1871లో ఆ ప్రయత్నమును విడిచిరి. మాకు నాటుపడవలే మిగిలినవి. వేసవిలో ఇసుకలో క్రోసెడు నడచి, పాయ దాటి, మరల ఇసుకలో నడచి రావలెను. దసరాకు అక్కయ్య వచ్చునన్న కబురు తెలిసిన నాడు మేము తెల్లవారకముందే రేవునకు పోయి కూర్చుండెడివారము. పడవ దిగుచునే ఆమె ఒడిలోని మూట విప్పి పేలాల ఉండ మా చేతిలో పెట్టెడిది. ఆ తర్వాతనే తల్లిగారిని పలుకరించెడిది. ఇప్పుడు వంతెన మీద మోటారులో ఆ దూరము ఎంతసేపు? పిల్లలు ఫోనునుండి తలయెత్తు లోపలనే ఆవలి గట్టు వచ్చును.

2022 ఏప్రిల్ 13 మొదలు 24 వరకు ప్రాణహిత పుష్కరములు జరిగినవి. గురుడు మీనరాశిలో ప్రవేశించినప్పుడు పండ్రెండేండ్ల కొకసారి వచ్చునవి. ఆరంభమునకు వారము ముందు భూపాలపల్లి నుండి మా మేనల్లుడు టెలిఫోను చేసెను. అతడు మాతో మాట్లాడి పదునాలుగేండ్లు.

"మామా, అమ్మ పుష్కరాలకు వస్తనంటున్నది. లాడ్జి చూస్త అంటే వద్దంటున్నది."

వెనుకనుండి అక్కయ్య గొంతు వినవచ్చెను. "పుట్టినిల్లు ఉండంగ లాడ్జిల దిగుతరారా?"

మేము రమ్మని చెప్పి ఫోను పెట్టివేసి చాలసేపు అక్కడనే నిలుచుండిపోతిమి. మా గృహిణి మాత్రము అప్పుడే బియ్యము డబ్బా మూత తీసి చూచుచుండెను. ఎంతమంది, ఎన్నాళ్ళు అని ఆమె అడిగిన ప్రశ్నలకు మావద్ద సమాధానము లేదు.

వచ్చినది 11 మంది. మాది రెండు గదులు, వసారా, పైన డాబా. ఏప్రిల్ నెలలో సిరోంచ యెండ నలుబది డిగ్రీలు దాటును. పగలు వీధిలో కుక్క కూడ తిరుగదు. ఇంటిలో ఉన్న ఒక్క కూలరును ఆడువారి గదిలో పెట్టితిమి. కరెంటు పోయినప్పుడెల్ల అందరును వసారాలోనికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చుండెడివారు. బోరు నీరు సన్నగిల్లినందున తెల్లవారుజామున నాలుగు గంటలకే డ్రమ్ములు నింపవలసి వచ్చెను. స్నానపు గది ముందు వరుసను గూర్చి వ్రాయకుండుటయే మర్యాద. రాత్రులు మగవారు, పిల్లలు డాబామీద దోమతెరలు కట్టుకొని పరుండిరి. నాలుగు తెరలకు కఱ్ఱలు చాలక పొరుగువారి ట్రాక్టరు నుండి గొట్టములు తెచ్చితిమి.

వంట సంగతి వేరు. హైదరాబాదునుండి వచ్చిన మనుమరాలికి మొదటి పూట జొన్నరొట్టె గొంతు దిగలేదు. రెండవనాటికి పచ్చిపులుసులో ముంచుకొని తినుట నేర్చుకొన్నది. రంజను నీరు ఫ్రిజు నీటికంటె చల్లన అని ఒప్పుకొనుటకు మూడు దినములు పట్టినది. మా మనుమలు మరాఠీలో చదువుదురు, ఆ పిల్లలు ఇంగ్లీషులో. తెలుగులో మాటలాడుకొనిరి గాని గోడమీది తెలుగు క్యాలెండరులో తిథి చదువుటకు ఇరుప్రక్కల నుండి ఒక్కరును ముందుకు రాలేదు. అక్కయ్య కళ్ళజోడు పెట్టుకొని చదివి చెప్పెను. ఆమె పెద్ద బాలశిక్షతో చదువు ముగించిన మనిషి.

ఒక సాయంకాలము పిల్లలను పోచంపల్లి వైపు తీసికొనిపోతిమి. మేడిగడ్డ బ్యారేజి మన గట్టు కొస అక్కడనే. 2019 జూన్ 21వ తేదీన ప్రారంభమైనది, 85 గేట్లు. (2023 అక్టోబరులో అందులో కొన్ని స్తంభములు క్రుంగిన వార్త చదువరులు ఎరిగినదే.) గేట్లను లెక్కించుటలో పిల్లలు ఇరువదికే విసిగిరి. అప్పుడు మేము, ఈ తాలూకాలోని పోచంపల్లి పరిసరములలో 1960 ప్రాంతమున కలకత్తా గణాంకసంస్థవారు త్రవ్వి రాక్షసబల్లి యెముకలు తీసిరని చెప్పితిమి. టాగూరుగారి శతజయంతి 1961లో జరిగినందున దానికి ఆయన పేరే కలిపి బరపాసారస్ టాగోరై అనిరి. అస్థిపంజరము నేటికిని కలకత్తాలోనే ఉన్నది. "మన ఊరిది మన ఊరిలో ఎందుకు లేదు తాతా?" అని మేనల్లుని కొడుకు అడిగెను. భూమిలోనుండి తీసినది తీసినవాని పేరనే ఉండుట లోకరీతి అని మేము నవ్వి చెప్పితిమి. మేనల్లుడు నవ్వలేదు. మా ముఖము చూచి, తల తిప్పుకొనెను.

ఆ చూపునకు కారణము వ్రాయక తప్పదు. 2007లో తండ్రిగారు పోయిరి. అంతకు ముందే తల్లిగారు గతించిరి. వారసులము అక్కయ్యయు మేమును. ఏటి ఒడ్డున మూడెకరముల నల్లరేగడి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారమే కూతురికి వాటా ఉన్నది. 2005 సవరణ దానిని ఇంకను గట్టిచేసినది. ఈ సంగతి కచేరిలో పనిచేసిన మాకు తెలియును, అక్కయ్యకు తెలియదు. ఆడపడుచు అడుగదులే అనుకొంటిమి. అడుగకుండ చేయుటకు హక్కసోడ్ పత్రము వ్రాయించితిమి. వాటా విడుచుకొను కాగితము అది. పూర్తిగా మరాఠీ. సాత్‌బారాలో పేరు మార్చు కాగితమని ఆమెతో చెప్పితిమి. రిజిస్ట్రీ నాడు అధికారి, ఇష్టపూర్వకముగా విడుచుచున్నావా అని మరాఠీలో అడిగెను. తెలుగు చేసి చెప్పినది మేమే. మేము అడిగినది వేరు. ఆమె "ఔను" అనెను.

మరుసటి యేడు మేనల్లుడు ఆ నకలును ఎవరిచేతనో చదివించుకొనెను. రాకపోకలు నిలిచినవి. 2010 డిసెంబరులో ప్రాణహిత పుష్కరములు వచ్చినప్పుడు అక్కయ్య కాళేశ్వరము గట్టున, మేము సిరోంచ గట్టున మునిగితిమి. ఒకే నీటిలో మునిగితిమని తర్వాత తెలిసినది. 2015 జూలైలో గోదావరి పుష్కరములు వచ్చినవి, అప్పుడును అంతే. 2016లో బావగారు పోయినప్పుడు మేము వెళ్ళి, పచ్చి మంచినీళ్ళయినను త్రాగక, సాయంత్రమునకే తిరిగి వచ్చితిమి.

2022లో మూడవనాడు ఉదయము ఘట్టమునకు పోతిమి. జనము తండోపతండములు. తల్లిదండ్రులకు మేము పిండములు పెట్టుచుండగా అక్కయ్య తడిచీరతో మెట్టుమీద కూర్చుండి, ఒక్కొక్క పేరు పలుకవలసినప్పుడు మాకంటె ముందుగా పలికెను. ముత్తవ్వ పేరు మాకు తట్టలేదు, ఆమెకు తట్టినది. పురోహితుడు ఇక ఆమెవైపే చూచి అడుగసాగెను. అక్కడినుండి కాళేశ్వరము పోయి, ఒకే పానవట్టముపై ఉన్న రెండు లింగములను దర్శించి, మిట్టమధ్యాహ్నమునకు ఇల్లు చేరితిమి.

ఆ రాత్రి కరెంటు లేదు. ఉక్కకు తాళలేక అక్కయ్య కూడ డాబా యెక్కి వచ్చెను. పిల్లలు నిద్రించిరి. మేము చెప్పవలసినది చెప్పితిమి. కాగితములు వ్రాయుటలో ఆరితేరినవారము గదా, ఆ నాలుగు మాటలకు చాల సమయము పట్టినది.

"నాకు ఎరుకే తమ్మీ," అనెను. "నాడే ఎరుకైంది. ఆఫీసుల నువ్వు నా మొఖం దిక్కు చూడకుంట అడిగితివి."

"మరి ఔనని ఎందు కంటివి అక్కా?"

"నువ్వు అడిగితివి గనుక అన్న. భూమి కావాల్నంటె ఇయ్యకపోదునా? పడవ దిగంగనె మొదలు నీ చేతిలనే పెట్టేదాన్ని. గది మరిస్తివి."

మరి యేమియు అనలేదు. కొంగుతో విసరుకొనుచు, ఏటి వైపు నుండి గాలి వచ్చునేమో యని చూచుచు కూర్చుండెను. నాలుగవనాడు వారందరును వెళ్ళిరి. మా గృహిణి మామిడికాయ తొక్కు జాడీ, ఒక చీర ఇచ్చెను. మేనల్లుడు మోటారు ఎక్కుచు, "పోయొస్త మామా" అనెను.

అదే యేడు జూలైలో గోదావరికి వచ్చిన వరదను ఈ ప్రాంతమువారెవరును మరువరు. నీరు దినముల తరబడి పొలములపై నిలిచినది. తగ్గిన పిమ్మట పోయి చూడగా మా మూడెకరములలో ఎకరమునకు పైగా ఇసుక మేట. గట్టు రాళ్ళు కనబడలేదు. ఆ రాత్రి అక్కయ్య ఫోను చేసెను. ఇల్లు మంచిగున్నదా అని అడిగినది గాని పొలము మాట ఎత్తలేదు. మేమే ఎత్తితిమి.

ఇసుక తీయించుటకు మరుసటి వేసవి వరకు పట్టినది. అంతకు ముందే, 2023లో, సగము పొలమునకు అక్కయ్య పేర బక్షీస్ పత్రము వ్రాసి రిజిస్ట్రీ చేయించితిమి. ఆ దినము తర్జుమాకు మేము కూర్చుండలేదు. రెండు భాషలు వచ్చిన వేరొకరిని పిలిపించి, కాగితము మొదటినుండి చివరివరకు తెలుగులో చదివించితిమి. ఆమె అంతయు విని, "ఇసుకల సగమా తమ్మీ?" అని గట్టిగా నవ్వెను. ఆఫీసులోనివారు తిరిగి చూచిరి.

ఇప్పుడు రెండు సగములలోను మిరప వేయుచున్నది మేమే. ఆమె వాటా కాయ ఎండబెట్టి సంక్రాంతికి మహాదేవపురము చేర్చవలెను. కిందటి యేడు పంపిన బస్తాలో కారము తక్కువైనదని కబురు వచ్చినది. ఈ యేడు విత్తనము మార్చితిమి.